శిలాజాల్లో అతుకులు, పూతలు పట్టించే యూవీ దీపం: తరచుగా అడిగే ప్రశ్నలు

శిలాజాలు కొనేవాళ్లకీ, కాలేజీ జియాలజీ మ్యూజియంలో పాత నమూనాలు చూసుకునేవాళ్లకీ ఈ ప్రశ్నలు పనికొస్తాయి. దీపం కొనడం తేలికే. అది చూపించినదాన్ని చదవడంలోనే అందరూ తడబడతారు, అందుకని ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

మామూలు వెలుతురులో కనిపించని అతుకు యూవీ కింద ఎందుకు కనిపిస్తుంది?

చెయ్యి తిరిగిన పనివాడు పూత రంగును ఎముక రంగుతో ఇట్టే కలిపేస్తాడు. పగటి వెలుతురులో తేడా పట్టడం కష్టం. అతినీలలోహిత (యూవీ) కాంతి పడినప్పుడు మాత్రం చాలా పదార్థాలు ఆ శక్తిని పీల్చుకుని, కంటికి కనిపించే వెలుగుగా వదులుతాయి. దీన్నే ఫ్లోరోసెన్స్ అంటారు. ఏ వెలుగు వస్తుందన్నది పదార్థం లోపలి రసాయనాన్ని బట్టి ఉంటుంది. పైన వేసిన రంగు కళ్లను మోసగించగలదు గానీ ఈ వెలుగును సరిచేయలేదు.

ఎముకలో, పంటిలో ఉండే ఖనిజం ఆపటైట్. భూమిలో ఉన్నంతకాలం అది నేలనీటి నుంచి ఫ్లోరిన్, రేర్ ఎర్త్ మూలకాలు, మాంగనీస్ లాంటివి లాక్కుంటుంది. వీటిలో కొన్ని వెలుగు పుట్టిస్తాయి, ఇనుము దాన్ని ఆర్పేస్తుంది. అందుకే ఒక చోట దొరికిన ఎముక పసుపు తెలుపుగా మెరుస్తుంటే, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిలో దొరికినది నల్లగా ఉండిపోతుంది. జిగుర్లు, రెసిన్లు వేరే రకం రసాయనాలు కాబట్టి వేరేగా వెలుగుతాయి.

ఇక్కడే ఒక మాట గట్టిగా పట్టుకోండి: ఏ రంగు వచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, ఒకే వస్తువు మీద ఎక్కడ తేడా వచ్చిందన్నదే ముఖ్యం. "నీలంగా వెలిగితే నకిలీ" అనే సూత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

ఏ దీపం కొనాలి? నోట్లు పరీక్షించే చిన్న టార్చ్ సరిపోదా?

నోట్ల టార్చ్‌లు చాలావరకు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంవి. వాటి నుంచి ఊదారంగు వెలుతురు బోలెడు వస్తుంది. దాంతో వస్తువు మొత్తం ఊదాగా కనిపించి, సన్నటి జిగురు గీత అందులో కలిసిపోతుంది. ఎపాక్సీ (ఆరల్డైట్ రకం జిగురు) పెద్ద ముద్దగా ఉంటే అదీ పట్టిస్తుంది గానీ సున్నితమైన పనికి చాలదు.

కావలసింది 365 నానోమీటర్ల ఎల్ఈడీ టార్చ్, దాని ముందు నల్లగా కనిపించే వడపోత గాజు. ఈ గాజు జెడ్‌డబ్ల్యూబీ2 పేరుతో దొరుకుతుంది. 365 ఎల్ఈడీ నుంచి కూడా కొంత తెల్లటి వెలుతురు లీకవుతుంది, దాన్ని ఈ గాజు ఆపుతుంది. వడపోత ఉన్న టార్చ్‌కీ లేనిదానికీ తేడా చాలా ఉంటుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే వాట్లు పెంచుకోకుండా వడపోతకే పెట్టండి.

254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ దీపం రెండో విడతలో కొనుక్కోవచ్చు. 365 కింద ఎముకా పూతా ఒకేలా కనిపించినప్పుడు 254 కింద విడిపోయే సందర్భాలున్నాయి, ముఖ్యంగా చుట్టూ కాల్సైట్ (సున్నపురాతి ఖనిజం) ఉంటే. దాని వడపోత గాజు వాడేకొద్దీ మసకబారుతుంది. దీపం పాతబడ్డాక వెలుగు తగ్గితే శిలాజాన్ని అనుమానించే ముందు గాజును చూడండి.

గోళ్ల పాలిష్ ఆరబెట్టే దీపాలు, పార్టీలకు వాడే ఊదా బల్బులు ఈ పనికి రావు.

నా టార్చ్ నిజంగా 365 ఏనా? ఎలా తెలుసుకోవాలి?

ప్లంబర్లు కుళాయి మరలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేప్ ఒక ముక్క తీసుకోండి. టెఫ్లాన్ ఫ్లోరోసెన్స్ ఇవ్వదు. చీకట్లో దాని మీద వెలుగు వేస్తే, వడపోత ఉన్న 365 టార్చ్ కింద అది దాదాపు నల్లగా ఉంటుంది. ఊదాగా మెరిసిందంటే మీ టార్చ్ 395ది, లేదా వడపోత సరిగా లేదు.

ఇంకోటి: కరెన్సీ నోటు, ప్రింటర్ కాగితం పక్కపక్కన పెట్టండి. మంచి దీపం కింద కాగితం నీలి తెలుపుగా భగ్గుమంటుంది. నోటు కాగితం మసకగా ఉండి, నంబర్లూ లోపలి దారపు పోగులూ మాత్రమే వెలుగుతాయి. నోటు మొత్తం ఊదాగా కనిపిస్తే లీకు ఎక్కువుందని అర్థం.

చూసే పద్ధతి ఏమిటి?

ముందు శిలాజాన్ని మెత్తటి కుంచెతో దులపండి. గుడ్డతో తుడవకండి, బట్టల సబ్బుల్లో ఉండే తెల్లదనపు రసాయనాలు నూలు పోగులకు అంటుకుని ఉంటాయి. ఒక్కో పోగూ యూవీ కింద నీలి నక్షత్రమై కూర్చుంటుంది. బల్ల మీద నల్ల గుడ్డ పరచండి, ఆ గుడ్డనూ ముందే యూవీ కింద చూడండి. నల్లగా కనిపించే గుడ్డలు కొన్ని అక్కడ మెరుస్తాయి. తెల్ల కాగితాలు, లేబుళ్లు పక్కకు తీసేయండి. మీరు తొడుక్కున్న తెల్ల చొక్కా కూడా గది నిండా నీలి వెలుతురు చిమ్ముతుంది.

మామూలు వెలుతురులో ఒక ఫోటో తీసి ప్రింటు వేసుకోండి, గుర్తులు దాని మీద పెట్టుకోవచ్చు. గది పూర్తిగా చీకటి చేసి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటు పడకముందు మొదలుపెట్టి "ఏమీ కనిపించలేదు" అనేవాళ్లే ఎక్కువ.

తర్వాత టార్చ్‌ను 15 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ముందు మొత్తాన్ని ఒకసారి చూడండి. పిమ్మట దగ్గరగా, ఏటవాలుగా, చుట్టూ తిప్పుతూ చూడండి. ముందువైపు చూసి వదిలేయకండి: వెనకవైపు, అంచులు, ఎముక రాతిని తాకే గీత, పంటి మొదలు, పక్కటెముకల కొసలు, పగుళ్లు ఒకదాన్నొకటి దాటే చోట్లు. జిగురు ముందునుంచి తుడిచేసినా వెనక కారిన చుక్కలు మిగిలిపోతాయి. ఆ చుక్కలే ఎక్కువసార్లు పట్టిస్తాయి.

ఏ పదార్థం ఏ రంగులో వెలుగుతుంది?

ఖచ్చితమైన పట్టిక ఇవ్వలేం, ఎందుకంటే వయసు, మందం, కలిపిన పొడి అన్నీ రంగును మారుస్తాయి. సాధారణంగా కనిపించేవి ఇవి. ఎపాక్సీ పాలలాంటి నీలి తెలుపు, గట్టి వెలుగు. ఫెవికాల్ రకం తెల్ల జిగుర్లు కూడా నీలి తెలుపే. మ్యూజియంలవాళ్లు వాడే పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ పలచటి పొరగా ఉంటే చాలా మసక, కొన్నిసార్లు కనిపించదు కూడా. ఫెవిక్విక్ రకం జిగుర్లు కూడా సన్నటి గీతగా ఉంటే మసకే. లక్క పూత నారింజ రంగు. పాత నమూనాల మీద, అందులోనూ వందేళ్ల కిందటి వాటి మీద ఇది తరచుగా కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేరు. పాతబడిన రెసిన్ వార్నిష్ ఆకుపచ్చ కలిసిన పసుపు.

పెయింట్ల సంగతి తిరకాసుగా ఉంటుంది. జింక్ తెలుపు పసుపు ఆకుపచ్చగా మెరుస్తుంది, టైటానియం తెలుపు యూవీని మింగేసి నల్లబడుతుంది. ఇనుప ఆక్సైడ్ గోధుమరంగులు, మసి నలుపు కూడా వెలుగును మింగేస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మసకగా ఉంటుంది.

ఈ జాబితా బట్టీ పట్టడం కన్నా మీదైన నమూనా పలక ఒకటి చేసుకోండి. మెరవని నల్లరాతి పలక మీద ఆరల్డైట్, ఫెవికాల్, ఫెవిక్విక్, ఎం-సీల్, ప్లాస్టర్, లక్క, దొరికితే పారలాయిడ్ ఒక్కో చుక్క పెట్టండి. ప్రతిదానికీ రెండు చుక్కలు: ఒకటి మందంగా, ఒకటి గోరుతో పలచగా పామినది. ఎపాక్సీని పూర్తిగా గట్టిపడనివ్వండి, కనీసం ఒక రోజు. పేర్లు పెన్సిల్‌తోనే రాయండి. స్కెచ్ పెన్నుల సిరా కొన్ని మెరుస్తుంది, పెన్సిల్ గ్రాఫైట్ మెరవదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ పలకను శిలాజం పక్కనే పెట్టి చూడండి.

నీలి గీత ఒకటి కనిపించింది. మోసపోయానా?

తొందరపడకండి. రాయి పగలగొడితేనే శిలాజం బయటపడేది, కాబట్టి విరిగిన ముక్కలను తిరిగి అతికించడం మామూలే. సన్నటి గీత రాతిలో మొదలై శిలాజం మీదుగా పోయి, మళ్లీ రాతిలోకి వెళ్లిందంటే అది మరమ్మతు. నిజానికి మంచి లక్షణమే. గీత శిలాజం చుట్టూ మాత్రమే తిరిగి వచ్చిందా, అప్పుడు ఆలోచించాలి: వేరే చోటిది తెచ్చి ఈ రాతిలో కూర్చోబెట్టి ఉండవచ్చు.

జిగురు కానివీ మెరుస్తాయి. కాల్సైట్ సిరలు తెలుపు, నారింజ, గులాబీ రంగుల్లో వెలుగుతాయి. దీపం ఆపిన తర్వాత కూడా ఒక క్షణం వెలుగు మిగిలితే కాల్సైట్ కావచ్చు, ఆపి చూడండి. లైకెన్లు, సన్నటి వేళ్లు, పాత లేబుల్ జిగురు, చేతి నూనె మరకలు, సబ్బు అవశేషం ఇవన్నీ మభ్యపెట్టేవే. సిర అయితే రాతి పగులు దారినే పోతుంది, వెడల్పు మారుతుంది, భూతద్దం కింద స్ఫటికాలు కనిపిస్తాయి. జిగురైతే అంచులు గుండ్రంగా కారి ఉంటాయి.

శిలాజం మొత్తం ఒకే రకంగా మసక నీలంగా ఉంటే అది గట్టిపరచడానికి పూసిన ద్రావణం కావచ్చు. అది మోసం కాదు, కానీ దాని కింద ఏముందో యూవీ ఇక చెప్పలేదు.

వెలగని చోట్ల గురించి పట్టించుకోనక్కర్లేదా?

మెరుపు కోసం వెతికేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చుట్టూ ఎముక పసుపుగా వెలుగుతుంటే మధ్యలో ఒక నల్లటి మచ్చ, దాని అంచు కుంచె తోకలా సాగి ఉంటే అది పెయింట్ అయ్యే అవకాశం ఎక్కువ. పూరించిన చోట అడుగున మెరిసే రెసిన్, పైన మెరవని పెయింట్ ఉంటాయి. పెయింట్ రాలిన చిన్న గాట్ల దగ్గర అడుగు నీలం తొంగిచూస్తుంది. అలాంటి చుక్కలు వెతకండి.

మొరాకో మోససార్ దవడల్లో ఏం చూడాలి?

మొరాకోలో ఖురిబ్గా చుట్టుపక్కల ఫాస్ఫేట్ గనుల నుంచి మోససార్ (డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపం) పళ్లు విరివిగా వస్తాయి. విడి పళ్లు ఎక్కువ, అసలైన దవడలు తక్కువ. అందుకని ఇసుక, జిగురు కలిపిన ముద్దలో నిజమైన పళ్లను వరసగా గుచ్చి, చుట్టూ ఎముక ముక్కలు అంటించి "దవడ"గా అమ్మడం పాత పనే. పళ్లు నిజమైనవి కావడంతో కొన్నవాడు తృప్తిగా ఉంటాడు.

పంటి మొదలు దగ్గర దీపం పెట్టండి. పన్ను ముద్దలోకి దిగే చోట చుట్టూ నీలి తెలుపు ఉంగరం కనిపిస్తే గుచ్చారని అర్థం. అసలైన దవడలో పన్ను తన వేరుతో ఎముకలో కలిసిపోతుంది, అక్కడ ఎముక నేత కొనసాగుతుంది, ఉంగరం ఉండదు. తర్వాత పళ్లను ఒకదాంతో ఒకటి పోల్చండి. ఒకే జంతువు పళ్లు ఒకే రాతిలో ఉన్నవి దాదాపు ఒకేలా వెలగాలి. ఒకటి పసుపు, పక్కది గోధుమ, ఇంకోటి మసకగా ఉంటే వేర్వేరు చోట్లవి కూర్చారు. ఆపైన చుట్టూ ఉన్న "రాయి": ఇసుక రేణువుల మధ్య అంతటా సన్నగా నీలం కనిపిస్తే రేణువులను పట్టి ఉంచినది జిగురే. పంటి కొసను కూడా వదలకండి. విరిగిన కొసకు రెసిన్ టోపీ పెట్టడం సాధారణం, ఎనామెల్ వెలుగు అక్కడ అడ్డంగా తెగిపోతుంది.

ట్రైలోబైట్లలో?

ట్రైలోబైట్లు ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న సముద్ర జీవులు. మొరాకోలోని అల్నిఫ్, ఎర్ఫుద్ ప్రాంతాల నల్ల సున్నపురాతి ట్రైలోబైట్లలో రాయి సాధారణంగా మసకగానే ఉంటుంది. దాంతో పూరించిన చోట్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పొడవాటి ముళ్లు ముందు చూడండి, మొదట విరిగేవీ ఎక్కువగా కొత్తగా చేసేవీ అవే. రాతిని అడ్డంగా చీల్చిన అతుకు గీత ఎక్కడా లేకపోతే సంతోషించకండి, అనుమానించండి. పోత పోసిన రెసిన్ బొమ్మకు పగులు ఉండదు, బదులుగా భూతద్దంలో గుండ్రటి గాలి బుడగల గుంటలు ఉంటాయి.

యూవీ ఏం పట్టలేదు?

యూవీ పైపొరనే చూస్తుంది, లోపలికి పోదు. అదే రాతిని చెక్కి ఎముక ఆకారం తీస్తే తేడా రాదు, ఎందుకంటే అక్కడ కొత్త పదార్థమే లేదు. అప్పుడు ఉలి గీతల కోసం చూడాలి. ఎముక పొడినే జిగురులో కలిపి పూరిస్తే వెలుగు చాలా దగ్గరగా వస్తుంది. ఇనుము నిండిన శిలాజాలు, పూతలు రెండూ నల్లగానే ఉంటే పోల్చడానికి ఏమీ మిగలదు. యూవీని మింగే వార్నిష్ పైన కొడితే అడుగున ఉన్నదంతా దాగిపోతుంది. పలక మీద వరసగా పేర్చిన ఎముకలు అన్నీ నిజమైనవే, ఒకే చోటివే అయినా వేర్వేరు జంతువులవైతే యూవీకి ఆ సంగతి తెలియదు.

దీంతో బయటపడిన పెద్ద కేసులు ఉన్నాయా?

ఉన్నాయి. ట్రైడెంటినోసారస్ ముందు చెప్పుకోవాలి. 1931లో ఇటలీ ఆల్ప్స్‌లో దొరికిన, సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి సరీసృపం. నల్లటి శరీర ఆకృతి స్పష్టంగా ఉండటంతో అది చర్మం, మెత్తని కణజాలం అని దశాబ్దాలు అనుకున్నారు. 2024లో వాలెంటీనా రోసీ బృందం ప్రచురించిన పరిశోధనలో యూవీ ఫోటోలు వస్తువు మొత్తానికీ ఏదో పూత ఉందని చూపించాయి. యూవీ అక్కడితో ఆగింది. ఆ నలుపు ఏమిటో సూక్ష్మదర్శిని, రసాయన పరీక్షలు తేల్చాయి: కాల్చిన ఎముకల నుంచి చేసే నల్లరంగును పోలిన పెయింట్, చెక్కిన రాతి మీద. వెనక కాళ్ల ఎముకలు, వీపు మీది చిన్న ఎముక పొలుసులు మాత్రం నిజమైనవే. యూవీ ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

చైనాలోని యీషియన్ రాతి పొరల నుంచి 2019లో పెద్ద సాలీడుగా వర్ణించిన మంగోలరాక్నే చాయాంగెన్సిస్ అదే ఏడాది క్రేఫిష్ (రొయ్య లాంటి జీవి) అని తేలింది. పాల్ సెల్డెన్ బృందం ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద చూస్తే రాయి, అతికించిన పగులు, అసలు జీవి, పెయింట్ వేర్వేరు రంగుల్లో విడిపోయాయి. కొన్ని కాళ్లు గీసినవి. అది టార్చ్ పని కాదు, కానీ సూత్రం ఇదే.

పక్షికీ డైనోసార్‌కీ మధ్య జీవిగా ప్రచారమై, వేర్వేరు జంతువుల ముక్కల అతుకుగా తేలిన 1999 నాటి ఆర్కియోరాప్టర్‌ను బయటపెట్టింది మాత్రం యూవీ కాదు. టెక్సాస్‌లో టిమోతీ రోవ్ చేసిన సీటీ స్కాన్, అదే తోక ఉన్న ఎదురు పలకను (రాయి చీలినప్పటి రెండో సగాన్ని) చైనాలో షూ షింగ్ గుర్తించడం, ఈ రెండే బయటపెట్టాయి. పలక లోపల ముక్కలు ఎలా పేర్చారో తెలియాలంటే ఎక్స్-రేలే కావాలి.

అనుమానం వచ్చాక తర్వాతి పరీక్ష ఏమిటి?

ముందు 10 రెట్ల భూతద్దం: బుడగలు, కుంచె గీతలు, గీకిన జాడలు. ఆ తర్వాత, వస్తువు మీదే అయితే, అసిటోన్. గోళ్ల రంగు తీసే ద్రావణం వద్దు, అందులో నూనె, రంగు ఉంటాయి. శుద్ధమైన అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి, పిండి, కనిపించని మూల 5 సెకన్లు అద్దండి. పారలాయిడ్, తెల్ల జిగుర్లు, చాలా పెయింట్లు దూదికి అంటుకుంటాయి. గట్టిపడిన ఎపాక్సీ కరగదు. ఆ దూదిని యూవీ కింద చూడండి, కానీ వాడని దూదిపుల్ల ఒకటి పక్కన పెట్టుకుని, ఎందుకంటే దూది తనంతట తానే మెరవవచ్చు. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి. మ్యూజియం నమూనా మీద క్యూరేటర్ అనుమతి లేకుండా చుక్క కూడా పడకూడదు. అంబర్, కోపల్ (గట్టిపడిన చెట్టు జిగుర్లు) మీద అసలే వద్దు.

ఫోటోలు ఎందుకు ఊదాగా వస్తున్నాయి?

రెండు కారణాలు. ఒకటి దీపం లీకు, రెండు కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్. వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురుకు, అంటే 5500 కెల్విన్ దగ్గర, బిగించండి. ట్రైపాడ్ తప్పనిసరి. ఐఎస్ఓ 100 నుంచి 400, అపర్చర్ ఎఫ్/8, ఎక్స్‌పోజర్ 2 నుంచి 20 సెకన్లు, రా ఫైలుగా. ఫోకస్ వెలుతురులో కుదిర్చి లాక్ చేయండి. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా టార్చ్‌ను నెమ్మదిగా రెండు వైపుల నుంచీ ఊపితే నీడలు పోతాయి. లెన్స్ ముందు యూవీని ఆపే లేత పసుపు ఫిల్టర్ పెడితే రంగులు తేటపడతాయి. వెలుగు నేరుగా లెన్స్ మీద పడనివ్వకండి, గాజు తానే పొగమంచులా వెలుగుతుంది.

లేజర్‌తో వెలిగించి తీసే పద్ధతి కూడా ఉంది, థామస్ కే బృందం 2015లో వివరించింది. మామూలు దీపానికి చిక్కనివి అది చూపిస్తుంది. కంటి ప్రమాదం చాలా ఎక్కువ, శిక్షణ లేకుండా ఇంట్లో వద్దు.

కళ్లకు ప్రమాదమా?

365 టార్చ్ మసకగా కనిపిస్తుంది కాబట్టి కన్ను రెప్ప వాల్చదు, అదే ప్రమాదం. చుట్టూ మూసుకునే పాలీకార్బనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి. అవి పెట్టుకుంటే కళ్ల ముందు తెల్లటి మసక కూడా తగ్గి వివరాలు బాగా కనిపిస్తాయి. 254 దీపంతో ఇంకా కఠినంగా ఉండాలి: పూర్తి ముఖ కవచం, చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా. దానికి కళ్లు గురైతే కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మండుతాయి. పిల్లలున్న చోట 254 వెలిగించకండి. శిలాజానికి కొద్ది నిమిషాల యూవీతో నష్టం లేదు, కానీ జిగుర్లు ఎక్కువసేపు ఉంచితే పసుపెక్కుతాయి.

పునరుద్ధరణ ఉంటే శిలాజం విలువ లేనిదేనా?

కాదు. తన ముక్కలనే అతికిస్తే మరమ్మతు, లేనిదాన్ని పూరిస్తే పునరుద్ధరణ. చెప్పి చేస్తే రెండూ సరే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో పి. యాదగిరి పేరు పెట్టిన కోటసారస్ అనే డైనోసార్‌నే తీసుకోండి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం అది. అక్కడ చాలా జంతువుల ఎముకలు కలిసి దొరికాయి, పుర్రె దొరకలేదు, కాబట్టి తల ఊహించి చేసినదే. అది మోసం కాదు, ఎందుకంటే ఎవరూ దాచలేదు. చెప్పకుండా దాచి, దాచినదానికి అసలు ధర అడిగితేనే పేచీ.

అమ్మేవాళ్లు పంపే యూవీ ఫోటోను నమ్మవచ్చా?

ఒక్క ఫోటోను కాదు. అదే కోణంలో మామూలు వెలుతురు ఫోటో, 365 ఫోటో, రెండూ అడగండి. ముందు, వెనక, పక్కలు. ఫ్రేములో టెఫ్లాన్ టేపు ముక్క, ప్రింటర్ కాగితం ముక్క పెట్టమనండి. టేపు నల్లగా, కాగితం నీలంగా ఉంటే ఫోటో చదవడానికి పనికొస్తుంది. రెండూ ఊదాగా ఉంటే ఆ ఫోటో ఏమీ చెప్పదు. "యూవీ దీపం లేదు" అంటే అది అబద్ధం కావాలనేం లేదు, చాలామంది దగ్గర ఉండదు. వెనకవైపు ఫోటో ఒక్కటీ పంపనంటే మాత్రం కొనకండి.